ఇంగ్లీషు మాటలు, పేర్లు: పుట్టుక, అర్థం

ఒక మాట ఎక్కడ పుట్టింది, ఏ దారిన ఇప్పటి రూపానికి వచ్చింది, దారిలో దాని అర్థం ఎలా మారింది అనేవి తేల్చేది వ్యుత్పత్తి శాస్త్రం. మన దగ్గర దీనికి నిరుక్తమనే పేరు యాస్కుడి నాటి నుంచే ఉంది. ఇంగ్లీషువాళ్ళు ఎటిమాలజీ అంటారు. 'నిజమైన' అనే అర్థమున్న ఎటుమోస్ అనే గ్రీకు మాట దానికి మూలం. అలాగని మాటకు మొదట ఉన్న అర్థమే నిజమైన అర్థమనుకుంటే చిక్కు. నైస్ అనే విశేషణం 'ఏమీ తెలియని' అనే అర్థమున్న లాటిన్ నెస్కియుస్ నుంచి వచ్చింది. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో అది తెలివితక్కువవాడని తిట్టడానికి పనికొచ్చేది. ఇవాళ ఎవరినైనా నైస్ అంటే ఆ తిట్టు అందులో రవ్వంత కూడా లేదు. వ్యుత్పత్తి వల్ల మాట చరిత్ర తెలుస్తుంది. అర్థాన్ని నిర్ణయించేది వాడుక.

పేర్ల సంగతి వేరు. మాట రోజూ పదిమంది నోళ్ళలో నలుగుతూ కొత్త అర్థాలు తెచ్చుకుంటుంది. అదే మాట ఊరిపేరుగానో ఇంటిపేరుగానో స్థిరపడితే దాని అర్థంతో ఎవరికీ పని ఉండదు. పలుకుబడి అరిగిపోవచ్చు గానీ అర్థం మారే అవకాశం పోతుంది. భాషలోంచి జారిపోయిన మాటలు, కనుమరుగైన జాతుల మాటలు, అంతరించిన వృత్తుల మాటలు ఇలా పేర్లలో దాక్కుని ఉంటాయి. కనక ఇంగ్లీషు పదచరిత్రను నిఘంటువుతో మాత్రమే చదివితే సగం కథే తెలుస్తుంది. పటాన్నీ పన్నుల చిట్టాలనూ పక్కన పెట్టుకోవాలి.

వచ్చినవాళ్ళు, వాళ్ళు తెచ్చిన మాటలు

బ్రిటన్‌లో ఇప్పుడు ఇంగ్లీషు మాట్లాడుతున్న ప్రాంతమంతటా రెండు వేల ఏళ్ళ కిందట కెల్టిక్ భాషలుండేవి. క్రీ.శ. 43లో మొదలైన రోమన్ల పాలన దాదాపు నాలుగు శతాబ్దాలు సాగింది. వాళ్ళు వెళ్ళిపోయాక, 5వ శతాబ్దంలో, ఇప్పటి ఉత్తర జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి ఆంగిల్, శాక్సన్, జ్యూట్ తెగలవాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. ఇంగ్లండ్ అంటే ఆంగిల్స్ దేశం. వాళ్ళ భాషే ప్రాచీన ఇంగ్లీషు. అప్పటికే అక్కడున్నవాళ్ళను వీళ్ళు వెయల్హ్ అన్నారు, అంటే పరాయివాళ్ళు. వేల్స్, వెల్ష్ అనే పేర్లు అందులోంచి పుట్టాయి. వలస వచ్చినవాడు స్థానికుణ్ణి పరాయివాడనడం చరిత్రలో అదే మొదలూ కాదు, చివరా కాదు. వాల్‌నట్ అనే మాటలోని మొదటి ముక్క కూడా ఇదే: పరదేశపు కాయ. వెల్ష్‌వాళ్ళు మాత్రం తమ దేశాన్ని కమ్రి అంటారు. దాని మూలార్థం తోటి దేశస్థులని.

ప్రాచీన ఇంగ్లీషులోకి చేరిన కెల్టిక్ మాటలు బహు తక్కువ. నదుల పేర్లు మాత్రం చాలావరకు అలాగే నిలిచాయి. ఇంగ్లండ్‌లో ఏవన్ అనే నదులు ఒకటికి నాలుగున్నాయి, ఎందుకంటే కెల్టిక్ భాషలో ఏవన్ అంటేనే నది. కొత్తవాళ్ళు అడిగితే స్థానికులు ఏటిని చూపించి ఏరు అని ఉంటారు, వీళ్ళు దాన్ని పేరనుకున్నారు. కొండల విషయంలో ఈ తమాషా ఇంకా ముదిరింది. వోర్సెస్టర్‌షైర్‌లోని బ్రెడన్ హిల్ అనే పేరులో బ్రె కెల్టిక్‌లో కొండ, డన్ ప్రాచీన ఇంగ్లీషులో కొండ, హిల్ ఇప్పటి ఇంగ్లీషులో కొండ. లాంకషైర్‌లోని పెండిల్ హిల్ కథా అదే. ముందున్న ముక్క అర్థం మరుగునపడ్డ ప్రతిసారీ జనం వెనక ఇంకో కొండను తగిలించారు.

రోమన్ల లాటిన్ నుంచి వైన్, వాల్, చీజ్, స్ట్రీట్ వంటి కొన్ని మాటలు చాలా ముందే చేరాయి. సైనిక శిబిరానికి లాటిన్ మాట కాస్ట్రా. మాంచెస్టర్, వించెస్టర్, లాంకాస్టర్, గ్లోస్టర్ వంటి పేర్ల తోకల్లో ఉన్నది అదే.

793లో లిండిస్‌ఫార్న్ మఠంపై దాడితో వైకింగుల రాక మొదలైంది. దోపిడీకి వచ్చినవాళ్ళు తర్వాత తూర్పు, ఉత్తర ఇంగ్లండ్‌లలో కాపురాలు పెట్టారు. వాళ్ళు మాట్లాడే నార్స్ భాష ప్రాచీన ఇంగ్లీషుకు దగ్గరి చుట్టం. ఇరుగుపొరుగుగా ఉంటే ఒకరి మాట ఒకరికి కొంత తెలిసేది. అందుకే నార్స్ నుంచి ఇంగ్లీషుకు వచ్చినవి దర్బారు మాటలు కావు, ఇంట్లో పొలంలో వాడే మాటలు: స్కై, ఎగ్, నైఫ్, స్కిన్. హస్బెండ్ అంటే నార్స్‌లో ఇల్లు నడిపేవాడు. విండో అంటే గాలికన్ను, గోడకు పెట్టిన గాలి కన్నం. మరీ విచిత్రం ఏమిటంటే దే, దెయిర్, దెమ్ అనే సర్వనామాలు కూడా నార్స్‌వే. సర్వనామాలను అప్పు తెచ్చుకోవడం ఏ భాషలోనైనా అరుదు. ఆ రెండు జనాలూ ఎంతగా కలిసిపోయాయో ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

కొన్ని చోట్ల పాత మాట, కొత్త మాట వందల ఏళ్ళు పక్కపక్కనే బతికాయి. ఇంగ్లండ్‌లో తొలి అచ్చుయంత్రం నెలకొల్పిన విలియం కాక్స్‌టన్ 1490లో ఒక పుస్తకానికి రాసిన ముందుమాటలో ఈ ఉదంతం చెప్పాడు. కొందరు వర్తకుల ఓడ గాలి లేక థేమ్స్ నది ముఖం దగ్గర ఆగింది. వాళ్ళలో ఒకడు ఒడ్డుకు దిగి ఒక ఇల్లాలిని ఎగ్స్ కావాలని అడిగాడు. నాకు ఫ్రెంచి రాదందామె. నాకూ రాదని అతడికి కోపం వచ్చింది. ఇంకొకడు అందుకుని ఐరెన్ అనే పాత ఇంగ్లీషు మాట చెబితే గానీ వాళ్ళడుగుతున్నది గుడ్లని ఆమెకు తెలియలేదు.

1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు హేస్టింగ్స్ యుద్ధం గెలిచాక ఫ్రెంచి ఏలికల భాష అయింది. గవర్నమెంట్, పార్లమెంట్, కోర్ట్, జడ్జి, జ్యూరీ, ప్రిజన్ అన్నీ ఆ వైపు నుంచి వచ్చినవే. మధ్యయుగంలో ఫ్రెంచి నుంచి చేరిన మాటలు 10,000 పైచిలుకు ఉంటాయని భాషా చరిత్రకారుల అంచనా. కొట్టంలో ఉంటే కౌ, షీప్, పిగ్. వడ్డించాక బీఫ్, మటన్, పోర్క్. కాసేవాడు ఇంగ్లీషువాడు, తినేవాడు ఫ్రెంచి దొర కనక మాటలు అలా విడిపోయాయన్న వివరణను వాల్టర్ స్కాట్ 1819 నాటి తన నవల ఐవన్‌హోతో లోకమంతా వ్యాపింపజేశాడు. అందులో నిజం లేకపోలేదు గానీ మధ్యయుగంలో బీఫ్ అంటే బతికున్న ఎద్దు అని కూడా వాడారు. ఈ విభజన ఇంత శుభ్రంగా కుదురుకోవడానికి శతాబ్దాలు పట్టింది. 1362లో కోర్టు వాదాలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేశారు. ఆ చట్టాన్ని ఫ్రెంచిలో రాశారు.

ఆ తర్వాతది పండితుల కాలం. లాటిన్, గ్రీకు మాటలు కుప్పలుగా వచ్చాయి. అది చాలక, మామూలు మాటలకు కూడా లాటిన్ గోత్రం కట్టబెట్టారు. అప్పును ఫ్రెంచి నుంచి డెట్ అని తెచ్చుకుని అలాగే రాసుకుంటూ ఉంటే, లాటిన్ డెబిటుమ్‌ను గుర్తుచేయడానికి మధ్యలో బి దూర్చారు. డౌట్‌లోని బి కథా ఇంతే. ఐలండ్‌లోని ఎస్ అయితే మరీ అన్యాయం: ఆ మాట అచ్చమైన ఇంగ్లీషుది, లాటిన్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. బడిలో పలకని అక్షరాలను బట్టీ పట్టే పిల్లల ఉసురు తగలాల్సింది ఈ పండితులకే.

చుట్టరికం తేల్చే సూత్రాలు

రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన బంధువులు కావు. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని ఎంబాబరం అనే ఆస్ట్రేలియా ఆదివాసీ భాషలో కుక్కను డాగ్ అనే అంటారు. అది గుడగ అనే పాత రూపం అరిగి వచ్చింది, ఇంగ్లీషుతో ఏ సంబంధమూ లేదు. అసలు బంధుత్వం తేల్చేది ధ్వనుల మార్పులోని క్రమం. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లకు ఉమ్మడి మూలం ఉండి తీరాలని ప్రతిపాదించాడు. 1822లో యాకొబ్ గ్రిమ్ సూత్రం చెప్పాడు: మూలభాషలోని ప జర్మానిక్ భాషల్లో ఫ అవుతుంది, త కాస్తా థ అవుతుంది, ద కాస్తా ట అవుతుంది. సంస్కృతం తెలిసిన తెలుగువారికి ఇది చేతికందే విషయం. పితృకు ఫాదర్, పాదానికి ఫుట్, త్రికి త్రీ, దశకు టెన్, దంతానికి టూత్. వ్యత్యాసం కూడా ఇంత క్రమంగా ఉండటమే ఇక్కడ రుజువు. తెలుగు ఈ కుటుంబానికి చెందదు, మనకు తెలిసిన ఆ మాటలు సంస్కృతం నుంచి వచ్చినవి. తెలుగు, తమిళ, కన్నడాలది వేరే కుటుంబమని 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించింది ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలోనే.

వారాల పేర్లలో ఇంకో రకం బంధుత్వం ఉంది. అది రక్తసంబంధం కాదు, అనువాదం. గ్రహాల పేరుతో వారాలను పిలిచే పద్ధతి గ్రీకు జ్యోతిషం నుంచి అటు రోముకూ ఇటు భారతదేశానికీ చేరింది. మన దేశంలో వారం పేరు కనిపించే తొలి శాసనాల్లో ముఖ్యమైనది క్రీ.శ. 484 నాటి ఎరణ్ శాసనం. రోమన్ల నుంచి వారాలు తీసుకున్న జర్మానిక్ తెగలు ఆ దేవతల స్థానంలో తమ దేవతలను కూర్చోబెట్టాయి. కుజుడి రోజు యుద్ధదేవుడు టీవ్ పేరుతో ట్యూస్‌డే, బుధుడి రోజు వోడెన్ పేరుతో వెడ్నెస్‌డే, గురువు రోజు పిడుగుల దేవుడు థోర్ పేరుతో థర్స్‌డే, శుక్రుడి రోజు ఫ్రిగ్ అనే దేవత పేరుతో ఫ్రైడే అయ్యాయి. శనికి సాటి దేవుడు దొరకలేదేమో, శాటర్న్ పేరునే ఉంచుకున్నారు. మన మంగళవారమూ వాళ్ళ ట్యూస్‌డేయూ ఒకే లాటిన్, గ్రీకు వరసలో ఉండటానికి కారణం ఇదే.

ఊరిపేర్లు

ఇంగ్లండ్ ఊరిపేర్లలో ఎక్కువ భాగం ప్రాచీన ఇంగ్లీషువి. టన్ అంటే కంచె వేసుకున్న పొలం, తర్వాత ఊరు. హామ్ నివాసం. లీ అడవిలో చదును చేసిన చోటు. బరీ, బరో కోట. ఫోర్డ్ ఏరు దాటే రేవు. ఇంగ్ అంటే ఫలానావాడి మనుషులు. బర్మింగ్‌హామ్ అంటే బెయోర్మా మనుషుల ఊరు. ఆక్స్‌ఫర్డ్ ఎద్దులు దాటే రేవు. కాంటర్‌బరీ కెంట్ జనం కోట. పేరు చివర బీ ఉంటే అది వైకింగుల పల్లె, థోర్ప్ ఉంటే ఆ పల్లె శివారు: గ్రిమ్స్‌బీ, విట్‌బీ, స్కన్‌థోర్ప్. డెర్బీకి పూర్వం నార్త్‌వర్తీ అనే ఇంగ్లీషు పేరుండేది; వైకింగులు వచ్చి మార్చారు. ఈ బీ, థోర్ప్ ఊళ్ళను పటంలో గుర్తుపెట్టుకుంటూ పోతే వైకింగులు స్థిరపడిన మేర దానంతటదే కనిపిస్తుంది. చరిత్రకారులు చేసిన పని కూడా సరిగ్గా ఇదే.

ఇప్పటి రూపాన్ని బట్టి అర్థం చెప్పకూడదనేది ఈ శాస్త్రంలో మొదటి పాఠం. 1086లో నార్మన్ రాజు విలియం చేయించిన డూమ్స్‌డే భూముల లెక్కలో 13,000కు పైగా ఊళ్ళున్నాయి. వాటి పాత రూపాలు దొరకడం పరిశోధకుల అదృష్టం. నాటింగ్‌హామ్ పాత రూపం స్నోటింగాహామ్, స్నోట్ అనేవాడి మనుషుల ఊరు. ఫ్రెంచి నోటికి ఆ మొదటి ధ్వనుల జంట లొంగక ఎస్ రాలిపోయింది. స్నాట్ అంటే ఇవాళ చీమిడి కనక ఊరివాళ్ళు నార్మన్లకు రుణపడి ఉండాలి. కేంబ్రిడ్జ్ కథ ఇంకా తలకిందులు. అక్కడి నది పేరు గ్రాంటా, ఊరు గ్రాంటా వంతెన. గ్రాంటబ్రిడ్జ్ కాలక్రమంలో కేంబ్రిడ్జ్ అయ్యాక, కామ్ అనే నది మీద వంతెన కాబోలని జనం ఊరిపేరు చూసి నదికే కామ్ అని పేరు మార్చారు.

స్వీడన్ పండితుడు ఐలర్ట్ ఎక్వాల్ 1936లో వెలువరించిన నిఘంటువు ఈ రంగంలో చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది. 1923లో ఏర్పడిన ఇంగ్లీష్ ప్లేస్‌నేమ్ సొసైటీ కౌంటీకి ఇన్ని చొప్పున సంపుటాలు వేస్తూనే ఉంది.

ఇంటిపేర్లు

నార్మన్ విజయానికి ముందు ఇంగ్లీషువాళ్ళకు మనిషికి ఒక్కటే పేరు. ఆ పేర్లు రెండు మాటల సమాసాలు: ఆల్ఫ్రెడ్ అంటే వనదేవతల ఆలోచన పొందినవాడు, ఎడ్వర్డ్ అంటే సంపద కాపాడేవాడు. ఎథెల్రెడ్ అనే రాజు పేరుకు ఉత్తమమైన ఆలోచన అని అర్థం. ఏలుబడి అధ్వానంగా సాగడంతో అన్‌రేడ్, అంటే ఆలోచన లేనివాడు, అని తర్వాతి తరాలు ఎకసెక్కంగా జోడించాయి. ఆ శ్లేష మరుగునపడి, ఇప్పుడు పుస్తకాల్లో ఆయన సంసిద్ధుడు కాని రాజుగా మిగిలాడు.

నార్మన్లతో విలియం, రాబర్ట్, రిచర్డ్, హెన్రీ పేర్లు వచ్చి పడ్డాయి. 14వ శతాబ్దానికి జాన్, విలియం, థామస్, రిచర్డ్, రాబర్ట్ అనే అయిదింటిలోనే ఊళ్ళోని మగవాళ్ళలో సగానికి పైగా సర్దుకునేవారు. ఏ జాన్ పన్ను కట్టాడో ఏ జాన్ ఎగ్గొట్టాడో గుమాస్తాకు తెలియాలంటే ఇంకో గుర్తు కావాలి. 1377, 1379, 1381 సంవత్సరాల తలపన్ను చిట్టాలు ఇంటిపేర్ల పరిశోధనకు గని వంటివి. ఆ గుర్తులు క్రమంగా తండ్రి నుంచి కొడుకుకు దిగాయి. ఊరు, వృత్తి, తండ్రిపేరు, ఎగతాళి పేరు అనే ఈ నాలుగు దారుల్లో మొదటి రెండూ మన ఇంటిపేర్లకూ పరిచయమైనవే.

వృత్తి పేర్లలో స్మిత్ అందరికీ తెలిసిన కమ్మరి. థాచర్ గడ్డితో ఇంటికప్పు నేసేవాడు, ఫ్లెచర్ బాణాలు చేసేవాడు, కూపర్ పీపాలు కట్టేవాడు, క్లార్క్ చదువుకున్నవాడు. మార్షల్ అంటే గుర్రాలు చూసుకునే సేవకుడు. ఆ పదవి పెద్దదవుతూ సైన్యాధిపతి దాకా ఎదిగింది. ఉన్ని బట్టను నీళ్ళలో తొక్కి గట్టిపరిచే పని ఒక్కటే, దానికి పేర్లు మూడు. ఉత్తరాన వాకర్, ఆగ్నేయాన ఫుల్లర్, నైరుతిన టక్కర్. ఆ పని పోయి ఎంతో కాలమైనా, పూర్వం ఏ ప్రాంతంలో ఏ మాట వాడేవారో ఇంటిపేర్ల వ్యాప్తిని బట్టి గీత గీసి చూపించవచ్చు. వెబ్‌స్టర్, బాక్‌స్టర్‌లలోని స్టర్ మొదట స్త్రీలింగ ప్రత్యయం. అమెరికన్ నిఘంటువుతో పేరు మోసిన నోవా వెబ్‌స్టర్ ఇంటిపేరుకు నేతపని చేసే ఆడమనిషి అని మూలార్థం.

తండ్రిపేరు నుంచి వచ్చినవాటిలో ముద్దుపేర్ల పాత్ర చాలా ఉంది. రాబర్ట్‌ను రాబ్ అని, ప్రాస కోసం హాబ్, డాబ్, బాబ్ అని పిలిచేవారు. రాబ్సన్, హాబ్సన్, డాబ్సన్, హాప్‌కిన్స్ అందరూ ఆ రాబర్టుల సంతానమే. రిచర్డ్ నుంచి డిక్, డిక్సన్; రోజర్ నుంచి హాడ్జ్, హాడ్జ్‌సన్. వేల్స్‌లో కొడుకును ఆప్ అంటారు: ఆప్ రీస్ ప్రైస్ అయింది, ఆప్ హవెల్ పావెల్ అయింది. తల్లిపేరు నిలిచిన ఇళ్ళూ ఉన్నాయి. మారియట్ మేరీకి ముద్దుపేరు. డైసన్ అంటే డయొనీసియా అనే ఆమె కొడుకు.

ఊరిపేర్లు, చోటుపేర్లు ఇంటిపేర్లయినప్పుడు విభక్తి కూడా అంటుకుని వచ్చింది. మనకు స్వాతంత్ర్యం వచ్చినప్పటి బ్రిటన్ ప్రధాని అట్లీ పేరు అలాంటిదే: అట్ లీ, అడవిలో చదును చేసిన చోటి దగ్గరివాడు. నాష్ అంటే ఆష్ చెట్టు దగ్గరివాడు. అటెన్ ఆష్ అనేటప్పుడు ముందున్న మాటలోని న చెట్టుకు అంటుకుపోయింది. ఇదే జారుడు మామూలు మాటల్లోనూ జరిగింది. ఎ నాప్రన్ అన్నది ఆన్ ఏప్రన్ అయింది, ఆన్ ఈక్‌నేమ్ అన్నది ఎ నిక్‌నేమ్ అయింది.

తెలుగునేలకు తెలిసిన దొరల పేర్లనూ ఇలా విప్పవచ్చు. నిఘంటుకారుడు సి.పి. బ్రౌన్ ఇంటిపేరు ఏ పూర్వీకుడి జుట్టు రంగునో ఒంటి రంగునో చెబుతుంది. 1847, 1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరుకూ పత్తికీ సంబంధం లేదు. అది కాటన్, కోటన్ అనే ఊళ్ళ నుంచి వచ్చింది, గుడిసెల దగ్గర అని ప్రాచీన ఇంగ్లీషు అర్థం. పత్తికి పెట్టిన కాటన్ అరబ్బీ మాట. కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీ పేరు గేలిక్‌ది: కొయినాక్ కొడుకు. అందులో జడ్ ఎక్కడిదంటే, స్కాట్లండ్ రాతలో య ధ్వనికి వాడే యోగ్ అనే పాత అక్షరం అచ్చులో లేక దాన్ని పోలిన జడ్ వేశారు. తర్వాత చదివేవాళ్ళు జడ్‌గానే పలికారు.

ఇంటిపేరును ఒక్క కలంపోటుతో మార్చుకున్న ఉదాహరణలు 1917వి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ పేర్లంటే జనం మండిపడుతుండగా రాజవంశం సాక్స్ కోబర్గ్ గోథా పేరు వదిలి విండ్సర్ అయింది. బాటన్‌బెర్గ్ కుటుంబం తన పేరులోని కొండను ఇంగ్లీషులోకి అనువదించుకుని మౌంట్‌బాటన్ అయింది. ముప్పయ్యేళ్ళకు ఢిల్లీలో ఆఖరి వైస్రాయిగా దిగింది ఆ పేరే.

పేరు మళ్ళీ మాట కావడం

ఎదురు దిక్కు ప్రయాణమూ ఉంది. కెంట్ తీరంలో సాండ్‌విచ్ అనే రేవు, ఇసుక చోటి వర్తకస్థానమని అర్థం. ఆ ఊరి పేరు మీద మాంటేగు కుటుంబానికి ఎర్ల్ బిరుదు వచ్చింది. నాలుగో ఎర్ల్ జాన్ మాంటేగు రెండు రొట్టెముక్కల మధ్య మాంసం పెట్టించుకుని తినేవాడు. జూదపు బల్ల దగ్గర నుంచి లేవలేక అని కొందరు, రాతబల్ల దగ్గర నుంచి లేవలేక అని జీవితచరిత్రకారుడు అంటారు. చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ 1762 నాటి దినచర్యలో ఆ మాట తినుబండారంగా మొదటిసారి కనిపిస్తుంది. అదే ఎర్ల్ నౌకాశాఖ పెద్దగా ఉండగా 1778లో కెప్టెన్ కుక్ పసిఫిక్‌లో తాను చూసిన దీవులకు సాండ్‌విచ్ దీవులని పేరు పెట్టాడు. అవే ఇప్పటి హవాయి.

క్రిమియా యుద్ధం ఇంగ్లీషు బట్టలబీరువాకు మూడు మాటలిచ్చింది: అశ్వదళాన్ని నడిపిన కార్డిగన్ ప్రభువు, సేనాని రాగ్లన్ ప్రభువు, 1854లో పోరు జరిగిన బాలక్లావా ఊరు. కార్డిగన్ అనే బిరుదు కూడా వెల్ష్‌లో కెరెడిగ్ అనేవాడి నేల నుంచి వచ్చింది. ఐర్లండ్‌లో 1880లో కౌలురైతులంతా కలిసి చార్ల్స్ బాయ్‌కాట్ అనే ఎస్టేటు ఏజెంటుకు పని చేయడం, సరుకు అమ్మడం, పలకరించడం మానేశారు. వారాల్లో ఆయన ఇంటిపేరు పత్రికల్లో క్రియాపదమైపోయింది. ఇప్పుడది తెలుగు పత్రికల్లోనూ బతుకుతోంది.

పేరు కాని మాటల అర్థం మాత్రం కుదురుగా ఉండదు. లార్డ్ మొదట హ్లాఫ్‌వెయర్డ్, రొట్టె కాపలాదారు. లేడీ పిండి కలిపే ఆమె. సిల్లీ ఒకప్పుడు ధన్యజీవి, తర్వాత అమాయకుడు, తర్వాత పాపం అనిపించుకునేవాడు, చివరికి బుద్ధిలేనివాడు. విలన్ అంటే పొలం పని చేసే పల్లెటూరివాడు. నైట్ అంటే కుర్రవాడు, నేవ్ అన్నా కుర్రవాడే. మొదటివాడు వీరుడయ్యాడు, రెండోవాడు మోసగాడయ్యాడు. ఎవరి మాట పైకి పోయింది, ఎవరి మాట కిందికి దిగింది అనే వరస చూస్తే నిఘంటువు రాసుకున్నది ఏ వర్గంవాళ్ళో ఊహించడం కష్టం కాదు.

మన వైపు నుంచి

ఈస్టిండియా కంపెనీ వర్తకంతో భారతీయ భాషల మాటలు వందలుగా ఇంగ్లీషులో చేరాయి. లూట్, జంగిల్, బంగళా, షాంపూ హిందుస్తానీ నుంచి. కట్టుమరం, మిళగుతణ్ణి తమిళం నుంచి. తెలుగు నుంచి చేరినవాటిలో నిక్కమైనది బాండికూట్, మన పందికొక్కు. ఆ పేరును ఇంగ్లీషువాళ్ళు ఆస్ట్రేలియాకు మోసుకుపోయి అక్కడి సంచిజంతువు ఒకదానికి పెట్టారు. ఇవాళ లోకంలో ఎక్కువమందికి తెలిసిన బాండికూట్ అదే. రంగురంగుల అడవిపక్షుల జాతి ఒకదానికి శాస్త్రనామం పిట్ట, అదీ మన మాటే. వజ్రాల ఖ్యాతి వల్ల గోల్కొండ ఇంగ్లీషులో తరగని సంపదకు పర్యాయపదమైంది. అమెరికాలో ఆ పేరుతో ఊళ్ళు కూడా వెలిశాయి. నారింజ ప్రయాణం అన్నిటికన్నా పొడవు: ద్రావిడమూలం ఉందని చాలామంది భావించే సంస్కృత నారంగం పారశీకం, అరబ్బీల మీదుగా ఐరోపా చేరి, అక్కడ న పోగొట్టుకుని ఆరెంజ్ అయింది.

మద్రాసు కోటలోని తొలి ఇంగ్లీషువాళ్ళు తెలుగును జెంటూ అనేవారు. అన్యమతస్థుడనే పోర్చుగీసు మాటకు అది వికృతి. ఇలాంటి ఆంగ్లభారతీయ పదాలన్నిటినీ హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ సేకరించి 1886లో వెలువరించిన నిఘంటువు పేరు హాబ్సన్ జాబ్సన్. మొహర్రం ఊరేగింపులో యా హసన్, యా హుసేన్ అనే ఆక్రందన తెల్ల సిపాయిల చెవికి అలా వినిపించింది. పై రాబర్టుల సంతానంలోని హాబ్సన్ ఇలా మొహర్రానికి పేరయ్యాడు.

కట్టుకథలు, నిఘంటువులు

పోష్ అనే మాటకు ఒక కథ ఉంది. ఇండియాకు ఓడలో వచ్చేటప్పుడు ఎడమపక్క, తిరిగి వెళ్ళేటప్పుడు కుడిపక్క నీడ గదులు. ధనికుల టికెట్ల మీద పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్ అనే నాలుగు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు ముద్ర వేసేవారని. అలాంటి టికెట్టు ఒక్కటీ ఎవరికీ దొరకలేదు. న్యూస్ నాలుగు దిక్కుల మొదటి అక్షరాలని చెప్పేదీ కల్పనే, అది కేవలం కొత్త సంగతులు. పొడి అక్షరాలతో మాట కట్టడం 20వ శతాబ్దానికి ముందు చాలా అరుదు. పాత మాటకు అలాంటి కథ వినిపిస్తే నమ్మకపోవడమే మేలు.

దీనికి విరుగుడు తేదీ గల సాక్ష్యం. ప్రతి మాటకూ తొలి ప్రయోగం నుంచి వరసగా ఉదాహరణలు ఇవ్వాలన్న సంకల్పంతో లండన్ ఫిలలాజికల్ సొసైటీ 1857లో మొదలుపెట్టిన పని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు. 1879లో జేమ్స్ మర్రే సంపాదకుడయ్యాడు, 1884లో మొదటి భాగం వచ్చింది, 1928కి గానీ పూర్తికాలేదు. మర్రే 1915లోనే పోయాడు. వేలమంది పాఠకులు పుస్తకాలు చదివి చీటీలు రాసి పంపారు. ఇంటిపేర్లకు అదే పద్ధతిలో నాలుగు సంపుటాల ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2016లో వచ్చింది. అందులో 45 వేలకు పైగా పేర్లున్నాయి.

ఇంత వెతికినా పట్టుబడని మాటలున్నాయి. ప్రాచీన ఇంగ్లీషులో కుక్కకు మామూలు మాట హుండ్, ఇప్పటి హౌండ్. డాగ్ అనేది ఆ కాలం చివర్లో ఎక్కడినుంచో ఊడిపడి, హౌండ్‌ను వేటకుక్కకు పరిమితం చేసి, దాని స్థానం ఆక్రమించింది. ఏ జర్మానిక్ భాషలోనూ దానికి నమ్మదగిన చుట్టం కనబడలేదు. పిగ్, బాయ్, గర్ల్, బాడ్ ఇదే వరసలోవి. గర్ల్ 14వ శతాబ్దంలో ఆడా మగా తేడా లేకుండా ఏ పిల్లకైనా పిల్లవాడికైనా చెల్లేది. అంతకు ముందు దాని ఊరు పేరు చెప్పే చీటీ ఆక్స్‌ఫర్డ్ పెట్టెల్లో లేదు.